పలుగు పట్టని పెరటిసేద్యము



నేటి ప్రసంగమునకు నేను గ్రహించిన విషయము, నేలను త్రవ్వకయే, దున్నకయే, ఆకు, అలము, గడ్డి, పేడ మొదలగు వానిని పొరలు పొరలుగా పేర్చి కూరగాయల మడులను కట్టు విధానము. ఈ మాట వినినంతనే తమలో కొందఱు చిఱునవ్వు నవ్వియుందురు. నవ్వుటకు కారణము లేకపోలేదు. సంస్కృతమున సేద్యమునకు ‘కృషి’ యని పేరు. ఆ శబ్దము ‘కృష్’ అను ధాతువు నుండి పుట్టినది. ఆ ధాతువునకు లాగుట, దున్నుట యని యర్థము. కర్షకుడనగా నాగటిచాలు లాగువాడు. దున్నుటయే పేరుగాగల వృత్తియందు దున్నవలదని చెప్పుట, తన మాటను తానే ఖండించుకొనుట వలె తోచును. కావున ముందుగా ఈ యాక్షేపమునకు సమాధానము చెప్పి, పిదప మడి కట్టు క్రమమును, అందలి గుణదోషములను మనవి చేసెదను.

ఈ విషయము నెత్తికొనుటకు హేతువొకటి కలదు. నేడు మన పల్లెలలో రెండు దృశ్యములు తఱచుగా కనబడుచున్నవి. మొదటిది, విశాలమైన పెరడుండియు, అందు వయ్యారిభామ మొక్కలు తప్ప మఱేమియు లేని యిండ్లు. బిడ్డలు చదువులకును ఉద్యోగములకును పట్టణములు చేరిరి. ఇంట మిగిలినవారు అరువది, డెబ్బది యేండ్ల వారు. పలుగెత్తి నేలను పొడుచుటకు వారికి నడుము వంగదు. కూలివానిని పిలుతమన్నను, వాని కూలి డబ్బుతో కొన్ని వారముల కూరగాయలు కొనవచ్చునే యని సందేహింతురు. అందుచే ఊరిలోనికి వచ్చు బండివానియొద్ద వాడిన తోటకూరకట్టను కొని సరిపెట్టుకొనుచున్నారు. ఆ కూరపై ఏ మందు చల్లిరో, ఎన్ని దినముల క్రిందట చల్లిరో వారెఱుగరు.

రెండవ దృశ్యము, వరికోత యంత్రములు వెళ్లిపోయిన పిమ్మట పొలములలో మిగిలిన గడ్డికి నిప్పు పెట్టగా లేచు పొగ. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5, 6 కిలోల నత్రజని యుండును. గడ్డి కాలినపుడు అందులో పెద్దపాలు గాలిలో కలిసిపోవును. పిదప ఆ నత్రజనినే సంచులలో కొని తెచ్చి, ఆ నేలకే చల్లుచున్నాము. ఒకచోట నేల ఆకలిగొనియున్నది. మఱొకచోట నేలకు తగిన ఆహారము బూడిద యగుచున్నది. ఈ రెంటిని ఒకచోట చేర్చినచో పెరడు పచ్చబడును. ముసలివారి పళ్లెములోనికి తాజా కూర వచ్చును. నా ప్రసంగమంతయు ఈ యొక్క మాటకు వ్యాఖ్యానమే.

ఇక ఆక్షేపమునకు వత్తము. నేలను త్రవ్వుట యెందులకు? మట్టి గుల్లబాఱుటకు, కలుపు నశించుటకు, ఎరువు మట్టితో కలియుటకు అని మూడు ప్రయోజనములు చెప్పుదురు. ఈ మూడును త్రవ్వకయే సిద్ధించునేని, ఆ శ్రమ యనావశ్యకమగును. సిద్ధించునో లేదో క్రమముగా విచారింతము.

మొదటిది మట్టి గుల్లబాఱుట. నేలలో మనకంటె ఎన్నో రెట్లు ఓపికగల కూలీలు కలరు. వారికి దినభత్యము లేదు. పండుగ సెలవు లేదు. వారే వానపాములు. చార్లెస్ డార్విను అను ఆంగ్లేయ ప్రకృతిశాస్త్రజ్ఞుడు తన మరణమునకు ముందటి సంవత్సరమున, అనగా 1881లో, వానపాములను గూర్చియే యొక గ్రంథమును ప్రకటించెను. ఇంగ్లండులో అనేక ప్రదేశములయందు ఎకరమునకు ఏటేట 10 టన్నులకు మించిన మట్టి వానపాముల శరీరములగుండా సాగి పైకి వచ్చుచున్నదని ఆయన లెక్కకట్టెను. అవి చేసిన సన్నని బిలములలో గాలి ఆడును, నీరు దిగును. చచ్చిన వేళ్లు చివికి మట్టిలో నాళములు ఏర్పడును. బూజుజాతి జీవుల దారములు మట్టిరేణువులను చిన్నచిన్న ఉండలుగా కూర్చును. మనము పలుగుతో పొడిచినపుడు మట్టి ఆనాటికి గుల్లగా కనబడుట సత్యమే. కాని ఆ బిలములు, నాళములు, దారములు తెగిపోవుచున్నవి. తరువాత రెండు పెద్ద వానలు పడినచో ఆ మట్టి మరల అణగి, పైన పెచ్చు కట్టును. అపుడు మరల త్రవ్వవలసివచ్చును. త్రవ్వుట త్రవ్వుటనే కోరును.

రెండవది కలుపు. నేలలోపల కలుపుగింజలు ఏండ్ల తరబడి నిద్రించియుండగలవు. వానిలో అనేకములు వెలుతురు సోకినగాని మేల్కొనవు. త్రవ్వినపుడు అడుగుమట్టితోగూడ ఆ గింజలు పైకి వచ్చును. మనము ఈనాటి కలుపును చంపి, రేపటి కలుపును మేలుకొలుపుచున్నామన్నమాట. నేలను దట్టముగా కప్పినచో గింజకు వెలుతురందదు. మొలచినదియు పైకి రాలేక నశించును. తుంగయు గరికయు ఈ నియమమునకు లొంగవు. వాని సంగతి తరువాత చెప్పెదను.

మూడవది ఎరువు కలియుట. నల్లమల యడవిలో ఎవ్వరు దున్నిరి? ఎవ్వరు ఎరువు తోలిరి? ఆకు రాలును, దానిపై మఱొక ఆకు రాలును, అడుగు ఆకు చివికి మట్టి యగును. అంతదూరము పోనేల? మన యింటి పెంటకుప్పను చూడుడు. ఏనాడో పాఱవేసిన గుమ్మడిగింజ యొకటి దానిపై తనంత తాను మొలచి, కుప్పనంతను కప్పి, ప్రక్కనున్న పాక మీదికెక్కి కాయలు కాయును. ఆ గింజకు ఎవరును పాదు త్రవ్వలేదు. మనము తరతరములుగా చూచుచున్న ఈ గుమ్మడితీగయే నేను చెప్పబోవు విధానమునకు మొదటి గురువు. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని లోకోక్తి కదా! మన పెరటిలో నున్నందున ఆ గురువును మనము గుర్తింపలేదు.

ఇతరులు గుర్తించిరి. అమెరికాలో 1930 తరువాతి సంవత్సరములందు, అతిగా దున్నిన మైదానముల మట్టి గాలికి లేచి దుమ్ముతుఫానులుగా పోయినది. ఆ పిదప 1943లో ఎడ్వర్డు ఫాక్నరు అనునతడు నాగలినే తప్పుపట్టుచు ఒక పుస్తకము వ్రాసెను. అదే దేశమున రూత్ స్టౌట్ అను స్త్రీ, తన తోటను సంవత్సరము పొడవున ఎండుగడ్డితో కప్పియుంచి, నడుము నొప్పి లేక తోట పెంచుటను గూర్చి 1955లో పుస్తకము వ్రాసెను. ఆస్ట్రేలియాలో ఎస్తరు డీన్సు అను నామె వార్తాపత్రికలు, ఎండుగడ్డి, పశువుల ఎరువు పొరలుగా పేర్చి మడులు కట్టుటను 1970 తరువాతి దశకమున ప్రచారము చేసెను. జపానులో మసనోబు ఫుకువోకా దున్నకయే వరియు బార్లీయు పండించి, గడ్డిని తిరిగి ఆ పొలమునకే యిచ్చెను. 1975లో వెలువడిన ఆయన గ్రంథము మన తెలుగులోనికిని వచ్చినది. మన దేశముననే ఆల్బర్టు హోవర్డు ఇండోరు నగరమున పరిశోధన సాగించి, యశ్వంత్ వాడ్ అను సహచరునితో గూడి, వ్యవసాయపు వ్యర్థములను ఎరువుగా మార్చు విధానమును 1931లో ప్రకటించెను. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రారంభమైన ప్రకృతి వ్యవసాయమునందు ‘ఆచ్ఛాదన’ ముఖ్యాంగము. ఆచ్ఛాదనమనగా కప్పుట, నేలను నగ్నముగా ఎండకు విడువకుండుట. ప్రాచీనులును పెంటను చులకన చేయలేదు. కృషిపరాశరమను సంస్కృత గ్రంథము మాఘమాసమున పెంటకుప్పను పూజించి కదలించుమని విధించినది.

ఈ మాటలను మా యూరి రచ్చబండపై చెప్పినపుడు, నాకంటె నాలుగేండ్లు పెద్దయైన రైతొకరు ఇట్లనిరి: “పంతులుగారూ, మీ మాట వినడానికి బాగానే ఉంది. కానీ దుక్కి లేని నేల తల్లి లేని బిడ్డండీ. మా నాయన ఏడు సాళ్లు దున్నందే గింజ చల్లేవాడు కాదు.”

నేనంటిని: “అయ్యా, మీ నాయనగారు దున్నినది ఐదెకరాల చేను. నేను చెప్పేది మీ ఇంటి వెనుక నూతి పక్కనున్న నాలుగడుగుల నేల. ఆ నాలుగడుగుల్లో ఎడ్లు తిరగడానికే చోటు లేదు గదా!”

ఆయన నవ్వి ఊరకుండిరి. మఱుసటి తొలకరికి వారి పెరటిలోనే యొక మడి లేచినది. అది నా వాదము యొక్క బలిమి కాదు. వారి యిల్లాలికి మోకాళ్ల నొప్పులు వచ్చి, వంగి త్రవ్వుటకు వీలులేకపోయినది. ఏబది యేండ్లుగా తానే పెంచిన పెరడు కన్నులముందు బీడగుచుండగా ఆమె సహింపలేక, ఈ మడిని కట్టించుకొనిరి. నా మాట ఇట్టివారి కొఱకే.

ఇక మడి కట్టు క్రమము. మొదట స్థలము. దినమునకు ఆఱు గంటలైనను ఎండ తగులవలెను, వాననీరు నిలువరాదు, ఇంటిగోడకు కనీసము 6 అడుగుల యెడముండవలెను. తేమయు చెదలును గోడను చేరకుండుటకే ఈ యెడము. మడి వెడల్పు 4 అడుగులు, పొడవు 10 అడుగులు చాలును. వెడల్పు అంతకు మించరాదు. ఇరుప్రక్కలనుండి చేయి చాచినపుడు రెండేసి యడుగులు అందును గనుక, మడిపై కాలు మోపవలసిన పని యుండదు. ఈ విధానమున ముఖ్యనియమము ఇదియే: మడిపై ఎవ్వరును, ఎన్నడును నడువరాదు. త్రొక్కిన నేల గట్టిపడును. గట్టిపడిన నేల పలుగును కోరును.

కాలము తొలకరి. మృగశిర కార్తె జూను 7, 8 తేదీల ప్రాంతమున ప్రవేశించును. రోహిణి కార్తెలోనే సామగ్రిని ప్రోగుచేసికొని, మొదటి వాన పడి నేల తడిసినంతనే మడి కట్టినచో, తరువాతి వానలే దానిని తడుపుచుండును. నడివేసవిలో కట్టినచో నీరు మనము మోయవలసివచ్చును. ఎండిన గడ్డి చివుకదు.

స్థలముననున్న కలుపును నేలమట్టముగా కోసి అక్కడనే పఱవవలెను, పెఱుకనక్కరలేదు. విత్తనము పట్టిన కలుపును మాత్రము తీసివేయవలెను. వయ్యారిభామను తాకునపుడు చేతులకు తొడుగులుండుట మంచిది. అది కొందఱికి దురదను, ఆయాసమును కలిగించును. పిదప నేల బాగుగా తడియునట్లు నీరు పోయవలెను.

అడుగున వెలుతురును అడ్డు పొర వేయవలెను. చినిగిన గోనెసంచులు, సామానులు వచ్చిన మట్టిరంగు అట్టపెట్టెలు ఇందుకు పనికివచ్చును. అట్టలపై అంటించిన ప్లాస్టికు పట్టీలను, ఇనుప కొక్కెములను ఊడదీయవలెను. నిగనిగలాడు పూత పూసిన అట్టలు పనికిరావు. ప్లాస్టికు గోనెలు అసలే పనికిరావు. అవి చివుకవు, చీలికలై మట్టిలో మిగిలిపోవును. అట్టలు దొరకనిచో అరటియాకులను, టేకుటాకులను దట్టముగా పఱవవచ్చును. ఏది వేసినను ఒకదానిపై నొకటి జానెడు మేర ఎక్కియుండవలెను. సందు దొరికినచో కలుపు ఆ సందుననే తల యెత్తును.

దానిపై నరికిన జొన్నచొప్ప, మొక్కజొన్న దంట్లు, ఎండుటాకులు 4 అంగుళములు. దానిపై పచ్చిరొట్ట 3 అంగుళములు: గిరిపుష్పము, కానుగ, జిల్లేడు, అవిశ, వేప, ఏది దొరికిన నది. దానిపై పేడ ఒక అంగుళము. మరల వరిగడ్డి 4 అంగుళములు, పచ్చిరొట్ట 2 అంగుళములు, పేడ ఒక అంగుళము. అన్నిటికి పైన బాగుగా చివికి మట్టివాసన వచ్చుచున్న పాత ఎరువు 3 అంగుళములు. మొత్తము 18 అంగుళములు, అనగా మూరెడు ఎత్తు. ప్రతి పొరను వేసినపుడెల్ల తడుపవలెను. పిడికెడు తీసి పిండినచో ఒకటి రెండు చుక్కలు రావలెను. ధారగా కారినచో నీరెక్కువ యైనట్లు. చివరకు ఎరువు ఎండిపోకుండ పలుచగా గడ్డి కప్పవలెను. ఈ మూరెడు మడి కొన్ని మాసములలో క్రుంగి యించుమించు జానెడగును. అది లోపము కాదు. గడ్డి మట్టి యగుచున్నదనుటకు గుర్తు.

సామగ్రి లెక్క కూడ చెప్పుట మంచిది. 40 చదరపుటడుగుల మడికి 60 ఘనపుటడుగుల సామగ్రి కావలెను. అందు పై ఎరువు 10 ఘనపుటడుగులు. తట్ట యొకటి అర ఘనపుటడుగు పట్టునదైనచో అది 20 తట్టలు. పేడ సుమారు 7 ఘనపుటడుగులు, అనగా 14 తట్టలు. తక్కినదంతయు ఆకు, గడ్డి. దీనినంతను ఒక్క దినముననే మోయనక్కరలేదు. దినమునకొక పొర చొప్పున వేసినను మడి చెడదు.

పచ్చిదానిని ఎండుదానిని ఇట్లు మార్చి మార్చి వేయుటకు కారణము కలదు. ఎండుగడ్డిలో నత్రజని 1 పాలునకు కర్బనము సుమారు 80 పాళ్లుండును. పశువుల పేడలో 20, 25 పాళ్లు. లేత పచ్చిరొట్టలో ఇంకను తక్కువ. చివికించు సూక్ష్మజీవులకు 25 నుండి 30 పాళ్ల మిశ్రమము అనుకూలము. వట్టి గడ్డినే వేసినచో అవి తమ ఆహారము కొఱకు మట్టిలోని నత్రజనిని లాగికొనును; మొక్క ఆకులు పసుపుబాఱును. వట్టి పచ్చిరొట్టయే యైనచో కుళ్లి దుర్గంధము పుట్టును. అన్నమునకు పప్పు ఎట్లో గడ్డికి పేడ యట్లు. మొక్క పసుపుబాఱినచో ఆవుమూత్రమును పదింతలు నీటితో కలిపి మొదట పోయవచ్చును. రంపపుపొట్టులో కర్బనము మఱియు అధికము గనుక, దానిని పొరలలో కలుపరాదు.

మడి కట్టిన మొదటి రెండు మూడు వారములు లోపల వేడి పుట్టును. ఆ వేడి తగ్గిన పిదప, చేతితోనే దోసెడు గుంట చేసి, అందు పాత ఎరువును మట్టిని నింపి, వంగ, మిరప, టమాట నారును నాటవచ్చును. సొర, బీర, గుమ్మడి గింజలు పెట్టవచ్చును. తోటకూర, పాలకూర గింజలను పైనున్న చివికిన ఎరువుపై చల్లవచ్చును. పచ్చిపేడ ఎప్పుడును అడుగు పొరలలోనే యుండవలెను. ఆకుకూరలకు తగులు పైపొరలో ఉండరాదు. ముల్లంగి, క్యారట్టు వంటి దుంపలకు మొదటి సంవత్సరము తగదు. నేను చెప్పిన ఆ యిల్లాలు మొదటి పంటలోనే ముల్లంగి వేసిరి. వంకాయ చక్కగా కాచినది గాని, ముల్లంగి మాత్రము అడుగుననున్న దంట్లకు తగిలి రెండు కాళ్లుగా చీలినది. “పంతులుగారూ, ఇది ముల్లంగా, ముంగిసా?” అని ఆమె నన్నడిగిరి. మఱుసటి యేట ఆ దంట్లు చివికిన పిదప ముల్లంగి నిటారుగా దిగినది.

రెండవ సంవత్సరమునుండి శ్రమ స్వల్పము. పంట ముగిసిన మొక్కను పెఱుకక, నేలమట్టముగా కోసి, వేరును లోపలనే విడువవలెను. ఏటికొకసారి 2 అంగుళముల చివికిన ఎరువు పైన పఱచి, గడ్డి కప్పినచో చాలును. అది పదునాలుగు తట్టలకు మించదు.

ఇప్పుడు దోషములు. వీనిని దాచి గుణములనే చెప్పినచో, నా మాట నమ్మి మడి కట్టినవారు రేపు నన్ను నిందింతురు. ఆ నింద న్యాయమే యగును.

ఒకటి, తుంగయు గరికయు. తుంగ మొలక సూదివలె అట్టనైనను పొడుచుకొని వచ్చును. అవి దట్టముగానున్న చోట మడి కట్టుటకు ముందు ఒకమాఱు వేళ్లతో గడ్డలతో ఏరివేయుటయే మార్గము. ఇది పలుగు పట్టవలసిన సమయము. ఇందు మొగమాటము లేదు. అట్టి చోటు కాక వేఱొక చోటున్నచో దానినే యెన్నుకొనుట మేలు.

రెండు, చెదలు. మన దేశమున ఎండుగడ్డి పొడిగానున్న చోట చెదలు చేరును. మడిని తడిగా ఉంచుట, గట్టి కఱ్ఱలను వేయకుండుట, వేపాకును వేపపిండిని పొరలలో కలుపుట దీనికి తగిన జాగ్రత్తలు.

మూడు, విషజంతువులు. గడ్డి క్రింద ఎలుక చేరవచ్చును. ఎలుకకై పాము రావచ్చును. తేలు, జెఱ్ఱి చల్లదనమునకు చేరును. కావున మడిని పిల్లలు ఆడుకొను వాకిటికి చేరువగా కట్టరాదు. మిగిలిన యన్నమును గింజలను మడిలో వేయరాదు. అవి ఎలుకలకు ఆహ్వానము. గడ్డిని తొలగించునపుడు ముందు కఱ్ఱతో కదలించి, పిదప చేయి పెట్టవలెను. చీకటిలో దీపము లేక మడి చెంతకు పోరాదు. పాము కఱచినచో మంత్రము, పసరు అని కాలము గడుపక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

నాలుగు, కొబ్బరితోటలున్న గ్రామములవారు గమనింపవలసిన విషయము. కొబ్బరి మొవ్వును తొలుచు కొమ్ముపురుగు తన గ్రుడ్లను పేడకుప్పలలోను చివుకుచున్న పెంటలోను పెట్టును. పొరలలో వంకీ తిరిగిన లావైన తెల్లపురుగులు కనబడినచో ఏరి కోళ్లకు వేయవలెను.

ఐదు, కలుపుమందుల శేషము. మందు చల్లిన పొలపు గడ్డిని, ఆ గడ్డి మేసిన పశువుల పేడను అనుమానమున్నపుడు పరీక్షింపవలెను. ఒక కుండలో ఆ ఎరువును మట్టితో కలిపి నాలుగు చిక్కుడుగింజలు నాటి, మూడు వారములు చూడవలెను. ఆకులు మెలితిరిగి మొవ్వు ముడుచుకొన్నచో ఆ ఎరువును వాడరాదు. ఇందుకు ఖర్చు నాలుగు గింజలు మాత్రమే.

ఇక పెద్దలు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. గడ్డి పశువుల సొమ్ము కదా. దానిని నేలపాలు చేయుట ధర్మమా? ఇది గంభీరమైన ప్రశ్న. పశువు ఆకలితో నుండగా వామిలోని మంచిగడ్డిని తీసి మడిలో వేయుమని నేను చెప్పను. పశువు తినక విడిచిన గడ్డి, కొట్టములో మూత్రముతో తడిసిన కసవు, యంత్రము పొలములో విడిచిన తుక్కు, వీథిలో రాలిన ఆకు: ఇవియే మడికి చాలును. నిజమునకు మూత్రముతో తడిసిన కసవు మంచిగడ్డికంటె మేలైనది. అందు నత్రజని ముందుగానే చేరియున్నది. పశువునకు మొదటి పాలు, నేలకు రెండవ పాలు, నిప్పునకు ఏ పాలును లేదు. ఇదియే న్యాయమైన పంపకము.

ఈ విధానమునకు హద్దు కూడ కలదు. ఎకరమునకు 43,560 చదరపుటడుగులు. అంత నేలపై మూరెడు ఎత్తున పేర్చుటకు 65,000 ఘనపుటడుగులకు మించిన సామగ్రి కావలెను. అది ఏ రైతునకును సాధ్యము కాదు. వరిమడిలో నీరు నిలుచుటకు దమ్ము చేయుట వేఱు ప్రయోజనము గల పని. దానిని ఇందులోనికి లాగరాదు. కావున చేను చేనే, పెరడు పెరడే. నేను నాగలిని నిందించుటకు రాలేదు. నాగలి పోలేని చోట, పలుగు పట్టలేని చేతులకు వేఱొక మార్గమున్నదని చెప్పుటకే వచ్చితిని.

పెద్దలారా! వయస్సు పైబడినపుడు మనకు మొదట దూరమగునది బలము. పిదప, మనము ఉపయోగపడుచున్నామను నమ్మకము. బలము తిరిగి రాదు. కాని ఉదయముననే లేచి, తన చేతితో నాటిన బీరపాదు నుండి రెండు కాయలు కోసి కోడలి చేతికిచ్చు ముసలివానికి ఆ నమ్మకము పోదు. సెలవులకు వచ్చిన మనుమడు తాతవెంట మడి చెంత కూర్చుండి గడ్డి తొలగించి చూచునపుడు, నిరుడు వేసిన అట్ట యెక్కడ, చొప్ప యెక్కడ యని వెదకును. అవి కనబడవు, నల్లని మట్టియు వానపాములును కనబడును. పాఠశాలలో ముప్పది యేండ్లు బోధించిన నేను, అంతకంటె స్పష్టమైన పాఠము నెఱుగను.

తమకు రెండు మనవులు. ఈ తొలకరికి తమ పెరటిలో పదియడుగుల మడి నొకదానిని కట్టి చూడుడు. ఫలించినచో రెండవదానిని కట్టుడు. ఫలింపనిచో ఆ గడ్డియే చివికి ఎరువగును గనుక నష్టము లేదు. రెండవ మనవి, ఊరిలో తమ మాటకు విలువ గలదు గనుక, కోతలైన పిమ్మట గడ్డికి నిప్పు పెట్టబోవు యువకుని పిలిచి, “నాయనా, కాల్చకు. ఒక బండెడు మా పెరటికి తోలిపెట్టు” అని యడుగుడు. అతడు తోలినను తోలకున్నను, ఆ గడ్డికి ఒక విలువ గలదని ఆనాడు అతనికి తెలియును.